ఆరు మోపుల బాకీ

కాగులో నీళ్ళు కాగాయా లేదా అన్న దగ్గర మొదలైంది గొడవ.

తవిటమ్మకి ఆ రోజు పొద్దున్నే ఒకసారి వేన్నీళ్ళ స్నానం అయింది. మధ్యాహ్నం వాన పట్టేసరికి కీళ్ళు లాగుతున్నాయని మళ్ళీ కాగు కింద మంట వెయ్యమంది. కోడలు చిన్నమ్మలు కాగు మూత తీసి వేలు ముంచి చూసి, పొద్దుటి నీళ్ళే ఇంకా గోరువెచ్చగా ఉన్నాయి, చాలునంది.

"గోరువెచ్చనేటి? నీ గోరుకా, నా గోరుకా?" అంది తవిటమ్మ.

"అత్తా, కాగు మళ్ళీ మరగాలంటే నాలుగు కర్రలు పోతాయి. వానలు ఇంకా నెలన్నర ఉన్నాయి."

"ఓలమ్మా, వానలు ఎవలికున్నాయి? ఎనిమిది రోజుల్లో బళ్ళెక్కుతాం. కొండమీద వాన కొండకే ఉంటాది. నువ్వు దాసిన కట్టెలు ఏటి సేత్తావు? సీరల పెట్టెలో సర్దుతావా?"

గదిలో కాగితాలు కట్టలు కడుతున్న సర్వేశ్వరరావు నవ్వు ఆపుకోలేక, "ఒక చెంబుడు మరగబెట్టి అందులో కలిపితే సరిపోదా అమ్మా?" అన్నాడు.

"నువ్వూరుకో," అన్నారు అత్తాకోడళ్ళిద్దరూ ఒక్కసారే.

చిన్నమ్మలుది పొదుపే గాని పిసినారితనం కాదు. పదకొండేళ్ళు కొండమీద కాపరం చేసిన మనిషికి ఎండుకట్టె విలువ చేతివేళ్ళకి తెలుసు. కానీ అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. బదిలీ ఉత్తర్వు వచ్చేసింది. శనివారం దాటిన మర్నాడు ఈ పొయ్యి ఎవరిదో.

"తలుపెనకాల తాడు సూడు," అంది తవిటమ్మ, గొడవని వదలకుండానే దాని మొహం మార్చి. "నిన్ననే తడిమినాను. ఇరవై ముడులున్నాయి. ఇరవై మోపులు మనకి రావాల. కట్టెలు బొబ్బిలి మోసుకెల్లం గదా, డబ్బులు ఇప్పించుకో. నాకు రెండో పూట నీళ్ళకి ముక్క ఇవ్వవు గానీ, ఆ సోములమ్మకి ఇరవై మోపులు ఒదిలేత్తావా?"

ఆ తాడు సంగతి చెప్పాలి.

పాచిపెంట దాటి ఘాటు రోడ్డు ఎక్కుతూ పోతే పన్నెండో మైలురాయి దగ్గర రోడ్ల ఓవర్సీరు ఉండే పెంకుటిల్లు ఉండేది. దగ్గరలో వేరే ఇల్లు లేదు, అందుకని దానికి పన్నెండో మైలు అనే పేరు. చిన్నమ్మలు సాలూరులో పుట్టి పెరిగింది. కొండలంటే దొడ్లో నుంచి నీలంగా కనబడేవే గాని వాటిమీద పొయ్యి వెలిగించుకుని బతుకుతారన్న ఊహ ఆమెకి ఉండేది కాదు. పందొమ్మిది వందల పదిహేనులో భర్త వెంట బండి దిగిన నాటికి పట్టుమని పద్దెనిమిదేళ్ళు లేవు. ఆ మొదటి వానాకాలం ఆమె ఏడవని రోజు లేదు. ఏడుపు అమ్మకోసమా, తడికట్టెల పొగవల్లా అన్నది ఆమెకే తెలిసేది కాదు. అన్నం ఉడికేసరికి మధ్యాహ్నం దాటేది. బియ్యానికి పొగ వాసన, పాలకి పొగ వాసన, తలగడకి పొగ వాసన.

అలాంటి రోజున బొడ్డగుడ అనే కొండగూడెం నుంచి సోములమ్మ వచ్చింది. తనూ ఇంచుమించు ఆ వయసుదే. నెత్తిమీద అడ్డాకుల గొడుగు, దాని కింద చిన్న మోపు. ఆ మోపులో కట్టెలు గలగలలాడేంత ఎండుగా ఉన్నాయి.

"ఇవెక్కడివి, ఈ వానలో?" అనడిగింది చిన్నమ్మలు ఆశ్చర్యపోయి.

"మా పొయ్యి మీన అటకుంది. ఏసంగిలో కొట్టి అటక మీన ఏత్తాం. కింద వంట, మీన కట్టె ఎండతాది," అంది సోములమ్మ. "మీకూ ఏసి ఉంచీనా? వానకి ముందు ఉప్పూ కోకా ఇచ్చీయి. వానంతా నాను మోత్తాను."

అదీ ఒప్పందం. అడ్డతీగ నారతో రెండు తాళ్ళు పేని, రెండింటికీ ఒకే లెక్కన ముడులు వేసేవారు. ఒకటి సోములమ్మ ఇంట్లో, ఒకటి చిన్నమ్మలు వంటింటి తలుపు వెనక మేకుకి. మోపు దిగినప్పుడల్లా ఇక్కడొక ముడి, అక్కడొక ముడి విప్పాలి. ముడులన్నీ అయిపోయిన రోజున రెండు తాళ్ళూ ఒకే పొయ్యిలో పడాలి. అది కళ్ళారా చూశాకే సోములమ్మ వాళ్ళు కొత్త తాడు కడతారు. పాతతాడు వేలాడుతుండగా ఇంకో ఇంటికి కట్టె మొయ్యరు. ఎందుకని అడిగితే, "మొయ్యం," అనేవారు, అంతే.

ముడిని వాళ్ళు గంటి అనేవారు. మొదటి ఏడు సోములమ్మ మోపు దించి, "గంటి తియ్యమ్మా," అంటే, తవిటమ్మ వంటింట్లోకి వెళ్ళి గంటె తెచ్చి చేతిలో పెట్టింది. ఆకలిమీద ఉందేమో, అంబలి అడుగుతోంది కాబోలనుకుంది. సోములమ్మ ఆ గంటెని అటూ ఇటూ తిప్పి చూసి, ఊళ్ళోవాళ్ళ ఆచారం ఇదేమో అనుకుని కొంగున దోపుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ మోపుకి తిరిగి తెచ్చి, "ఇది మా ఇంట్లో ఉన్నాది, ఇంకోటి వద్దు," అంది. ఆ మాట చెప్పుకుని ఆ ఇంట్లో ఎన్ని వానాకాలాలు నవ్వుకున్నారో.

తర్వాత్తర్వాత బొబ్బిలిలో, కిరసనాయిలు స్టవ్వు ముందు కూర్చుని కూడా చిన్నమ్మలుకి ఆ మోపుల వాసనే గుర్తొచ్చేది. మద్దికట్టె నెమ్మదిగా, నిలకడగా మండేది. ఉసిరికట్టె బొగ్గు తెల్లారేదాకా ఉండేది. వెదురు ముక్క పొరపాటున పడితే టప్పున పేలి అత్తగారు ఉలిక్కిపడేది. ప్రతి మోపులోనూ అడుగున, నిప్పు అంటించుకోడానికి, ఒక చిన్న కట్ట రాజుడు పుల్లలు వేరే కట్టి ఉండేది. అది లెక్కలోది కాదు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఒప్పుకోలేదు. పదకొండేళ్ళూ ఉంది.

ఆ ఏడు, అంటే ఇరవయ్యారులో, వానలకి ముందు మూడు కుంచాల ఉప్పు, సాలూరు నేతకోక ఒకటి ఇచ్చి చిన్నమ్మలు ఇరవై నాలుగు ముడులు వేయించింది. నాలుగు రోజులకో మోపు వచ్చేది. ఆషాఢంలో చెల్లెలి పురుడుకని సాలూరు వెళ్ళి నెల్లాళ్ళు ఉండాల్సి వచ్చింది. తల్లి లేని పిల్ల, అక్కే దిక్కు. ఆ నెల ఇల్లు అత్తగారు చూసుకుంది. తిరిగొచ్చిన పదిహేను రోజులకి బదిలీ ఉత్తర్వు.

గొడవ జరిగిన మర్నాడే సోములమ్మ వచ్చింది. ఖాళీ చేతులతో వచ్చింది. ఆ గుమ్మంలోకి ఆమె ఎప్పుడూ అలా రాలేదు. చిన్నమ్మలుకి ముందు అదే కనిపించింది.

"అమ్మా, ఎల్లిపోతన్నారట. సంతలో సెప్పినారు," అంది గుమ్మం పక్కన కూర్చుని. నడుముకి చుట్టుకున్న నారతాడు తీసి ఒడిలో పెట్టుకుంది. "నా తాడు మీన ఆరు గంట్లున్నాయి. దినానికో మోపు తెచ్చీనా? నువ్వెల్లే లోపల తీరిపోద్ది. కొత్త ఓవర్సీరు బాబు పిల్లలోడట. ఆలకీ నానే మోత్తాను. ఈ తాడు పొయ్యిలో పడాల గదమ్మా, కొత్తది కట్టాలంటే."

ఆమెకి అది ఎంత అవసరమో చిన్నమ్మలుకి తెలుసు. మొగుడు పోయి మూడేళ్ళు. పోడు మీద పండిన సామలు మాఘం దాటవు. ఉప్పూ, బట్టా అంతా ఈ ఇంటి మోపుల మీదనే.

లోపల్నించి తవిటమ్మ వచ్చింది. కళ్ళకి పొరలు కమ్మి రెండేళ్ళయింది గాని చెవులకి ఏ లోపమూ లేదు.

"ఆరేటి? ఇరవై!"

"ఆరే, పెద్దమ్మా."

"మా తాడు మీన ఇరవై ముడులున్నాయి. కావాలంటే తడిమి సూసుకో. బొబ్బిలికి కట్టెలు మోసుకెల్తామేటి? మోపుకి రెండణాలు. ఇరవై మోపులకి రెండున్నర రూపాయలు. అవి అక్కడెట్టి ఎల్లు."

"ఉప్పు తినీసినాం పెద్దమ్మా. కోక ఇదే, కట్టుకున్నాను. రూపాయలు నాకాడెక్కడివి? కట్టెలున్నాయి. ఆరు మోపులున్నాయి, అటక మీన."

"పద్నాలుగు మోపులు ఎగ్గొడతావా?"

సోములమ్మ తన తాడు ఎత్తి చూపించింది. "తాడు అబద్దం ఆడదు."

"నీ తాడు ఆడదు సరే, మా తాడు ఆడతాదేటి?"

చిన్నమ్మలు మధ్యలో నిలబడి ఉంది. తలుపు వెనక తాడు ఆమెకీ తెలుసు, దానిమీద ముడులు చాలా ఉన్నాయనీ తెలుసు. మనసులో ఎక్కడో సన్నగా అనుమానం మెదిలింది. మెదిలినందుకు సిగ్గేసింది.

"సోములమ్మా, నేను సాలూరులో ఉన్న నెల మోపులు తెచ్చావా?"

"ఏడు తెచ్చినాను. పెద్దమ్మే దించుకుంది."

"తెచ్చింది, నాను కాదన్నానా?" అంది తవిటమ్మ. "ఏడు తెచ్చింది. పతీ మోపుకీ ముడి సంగతి నానే సూసినాను, ఒక్కటీ మానలేదు. కళ్ళు పోయినా లెక్క పోలేదు. ఇదిగో, సెప్తన్నాను సోములా, డబ్బు పెట్టకపోతే ఆ కొత్తోళ్ళకి సెప్పే ఎల్తాను, దీనికాడ ముందు ఇచ్చుకుంటే అంతే సంగతులని."

సోములమ్మ మొహంలో కోపం లేదు. తన తాడుని నెమ్మదిగా నడుముకి చుట్టుకుంది. లేచి, "రేపు ఒత్తాను," అని చిన్నమ్మలుతో మాత్రం చెప్పి, వానలోకి దిగిపోయింది. అడ్డాకుల గొడుగు గుమ్మంలోనే మర్చిపోయింది.

మర్నాడు పొద్దున్న సర్వేశ్వరరావు రోడ్డుమీద పనివాళ్ళ దగ్గరికి వెళ్ళాక, చిన్నమ్మలు వంటింటి సామాను సర్దుతూ మేకు మీంచి తాడు తీసింది. వంటింటి చీకట్లో కాకుండా కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పట్టి చూసింది.

ఇరవై ఉన్నాయి. మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై.

అప్పుడు వేళ్ళకి ఏదో తేడా తగిలింది.

కొండవాళ్ళు వేసే ముడి ఒంటి ముడి, వదులుగా ఉంటుంది. విప్పడానికే వేసే ముడి అది. ఒక కొస పట్టి లాగితే జారిపోతుంది. కింద నుంచి పదమూడూ అలాంటివే. పైన, మేకు దగ్గరగా ఉన్న ఏడూ వేరు. రెండు చుట్లు చుట్టి లోపలి నుంచి దూర్చి బిగించినవి, మెంతిగింజల్లా గట్టిగా. మెలిక కూడా ఎదురు వైపుకి తిరిగి ఉంది.

ఆ ముడి చిన్నమ్మలుకి కొత్త కాదు. పూలదండ కట్టడం అయ్యాక, నార జారకుండా చివర బిగించే ముడి. పెళ్ళయిన కొత్తలో, ఇదే వసారాలో, అడవిమల్లెలు ఒళ్ళో పోసుకుని అత్తగారు నేర్పిన ముడి. తవిటమ్మది పుర్రచెయ్యి, ఎడమచేతి వాటం. ఆమె కట్టిన దండలన్నిటికీ మెలిక ఎదురు వైపుకే తిరిగేది. "నువ్వు కుడిసేత్తోనే కట్టు, నాలాగ కట్టకు," అని నవ్వుతూ చెప్పేది.

చిన్నమ్మలు తాడు పట్టుకుని అలాగే నేలమీద కూర్చుండిపోయింది.

సాలూరు వెళ్ళేనాటికి తను విప్పినవి ఆరు. మిగిలినవి పద్దెనిమిది. అత్తగారు ఏడు మోపులు దించుకుంది, ఏడు ముడులు విప్పడానికి బదులు ఏడు ముడులు వేసింది. మోపు వచ్చింది కదా, వచ్చినదానికి ముడి. దొడ్లో పాలు పోసే మనిషికీ, చాకలికీ గోడమీద గీతలు పెట్టి లెక్క ఉంచుకున్న మనిషి. వచ్చిన కొద్దీ గీత పెరగాలి, ముడి పెరగాలి. తగ్గడం ఏమిటి? తాడు మీద మిగిలినది బాకీ అని తెలిసినా, చెయ్యి పాత లెక్కనే పోయింది. పద్దెనిమిది కాస్తా ఇరవై అయిదు అయింది. తను తిరిగొచ్చాక అయిదు విప్పింది, ఇరవై. విప్పవలసిన ఏడూ విప్పి, వెయ్యకూడని ఏడూ వెయ్యకపోతే ఎంత? ఆరు. సోములమ్మ నడుముకి చుట్టుకున్న ఆరు.

తప్పు అత్తగారిది ఒక్కత్తెదీ కాదు. చెప్పి వెళ్ళవలసింది తను. తిరిగొచ్చి లెక్క చూసుకోవలసిందీ తనే. ఉప్పు డబ్బా మూత వదులైతే గుర్తుపట్టే మనిషి, తాడు వైపు పదిహేను రోజులు సరిగా చూడలేదు. చూడకుండానే నిన్న సోములమ్మని, మోపులు తెచ్చావా అని అడిగింది.

ఇప్పుడేం చెయ్యాలి? భర్తతో చెబితే ఆయన నవ్వేస్తాడు. "అమ్మా, నీ లెక్క భలే ఉంది," అంటాడు. తవిటమ్మ ఆ నవ్వు మర్చిపోదు. కళ్ళు పోయాక ఆమెకి మిగిలినవి రెండే, చేతివేళ్ళు, లెక్క. అలాగని చెప్పకుండా ఊరుకుంటే సోములమ్మ దొంగగా మిగిలిపోతుంది. శనివారం బళ్ళు కదిలిపోతాయి. మేకు మీంచి తీసిన తాడు ఏ మూటలోనో బొబ్బిలి చేరుతుంది. అక్కడ అది నారముక్క. ఇక్కడ ఒక ఆడమనిషి దాని కోసం ఎదురుచూస్తూ, ఇంకో ఇంటి గడప తొక్కకుండా కూర్చుంటుంది.

వసారాలో తవిటమ్మ ఉలవలు బాగుచేస్తోంది. చేటలో గింజల్ని ఎడమచేత్తో పరిచి, వేళ్ళతోనే రాయిని పసిగట్టి పారేస్తోంది.

"అత్తా, ఈ తాడు ఒకసారి నువ్వు లెక్కపెట్టు," అంది చిన్నమ్మలు పక్కన కూర్చుని. "నాకు ఒకసారి ఒకలాగ, ఇంకోసారి ఒకలాగ వస్తోంది."

"అంత సదివినావు, ఇరవై దాకా లెక్క రాదేటి?" అంటూనే తాడు అందుకుంది. కింది కొస నుంచి మొదలుపెట్టింది. ఒకటి. రెండు. బొటనవేలు ముడిమీంచి ముడిమీదకి జారుతోంది. చిన్నమ్మలు చూపు తిప్పుకుని, ఎదురుగా ఘాటు మలుపులో పాకుతున్న మబ్బుని చూస్తూ కూర్చుంది.

పదమూడు దగ్గర తవిటమ్మ గొంతు పైకి వినబడింది. పద్నాలుగు వినబడలేదు.

వేలు ఆ ముడి దగ్గర ఆగిపోయింది. గోటితో దాన్ని గిల్లి చూసింది. తర్వాతది తడిమింది. దాని తర్వాతది. వెనక్కి వచ్చి పదమూడోది మళ్ళీ తడిమింది. వసారా చూరు నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా పడుతున్నాయి.

"సోములి మోపు దించినప్పుడు ఏటంటాది?" అంది వేలు తియ్యకుండానే.

"గంటి తియ్యమంటుంది."

"తియ్యమంటాది," అంది తవిటమ్మ. తాడు ఒళ్ళోకి లాక్కుంది. మరికాసేపటికి, "ఉలవల్లో రాళ్ళెక్కువున్నాయి. నువ్వెల్లి పొయ్యి సూసుకో," అంది. తాడు మాత్రం తిరిగి ఇవ్వలేదు.

చిన్నమ్మలు పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. లేత వెదురుకొమ్ములు సన్నగా తరిగి ఉడకబెట్టింది. కొండమీద ఇది ఆఖరి వెదురుకొమ్ముల కూర కావచ్చు అనుకుంటూ ఆవ కొంచెం ఎక్కువే నూరింది. వండుతున్నంతసేపూ వసారా నుంచి గొణుగుడు వినబడుతూనే ఉంది. ఒకసారి, "దీని మెలిక తగలెయ్య," అన్న మాట కూడా వినబడింది.

మధ్యాహ్నం సర్వేశ్వరరావు తడిసి వచ్చాడు. కంచాలు మూటకట్టేశారు, అడ్డాకు విస్తళ్ళే వేసింది చిన్నమ్మలు. వానరోజుల్లో ముగ్గురూ పొయ్యి ఎదురుగానే కూర్చుని తినడం పదకొండేళ్ళ అలవాటు. అన్నం మీద కూర వడ్డించేసరికి తవిటమ్మ కొంగులోంచి తాడు తీసి విస్తరి పక్కన పెట్టింది.

దానిమీద ఆరు ముడులే ఉన్నాయి. పైకొసన, బిగుసుకున్న ముడులు ఉన్న చోట, నార నలిగి పీచు లేచిపోయి ఉంది. ముసలమ్మ చూపుడువేలి గోరు పక్కన కొంచెం ఎర్రగా కమిలింది.

"ఒరే సర్వేశ్వరం, సోములమ్మ బాకీ ఆరు మోపులు," అంది.

"నిన్న ఇరవై అన్నావు కదమ్మా?"

"నిన్న నిన్నే. ఇయాల ఆరు. తడుముకో కావాలంటే. నాను మాట్లాడతన్నాను, నువ్వు తిను." ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలింది. "బొబ్బిలికి కట్టెలు పట్టుకెల్లలేం. దానికాడ డబ్బుల్లేవు. దినానికో మోపు దించుకున్నా బళ్ళు కదిలేలోగా కాల్చలేం. ఒదిలెయ్యడం నాకు సేతకాదు. ఒదిలేత్తే ఆ తాడు కాలదు, అది కొత్తోళ్ళకి కట్టె మొయ్యదు. అంచేత నాను సెప్పేదేటంటే, శనివారం బళ్ళేసుకుని సామానుతోటి నువ్వెల్లు. నాను ఉంటాను. కోడలు ఉంటాది. ఆరు మోపులూ ఇక్కడే, ఈ పొయ్యిలోనే కాలాల. కాలినాక దిగుతాం."

సర్వేశ్వరరావు ముద్ద చేతిలోనే పట్టుకుని చూశాడు. "నాలుగు రోజులకో మోపు. ఇరవై నాలుగు రోజులా! పదిహేనో రోజుకి కొత్త ఓవర్సీరు కుటుంబం దిగుతుందమ్మా."

"పన్నెండే. రెండో పూట కూడా నాకు వేన్నీళ్ళు కాత్తే పన్నెండు రోజుల్లో అయిపోతాయి. లెక్క నాకు రాదనుకున్నావేటి?"

చిన్నమ్మలు తల వంచుకుంది. నవ్వు వస్తోందో కన్నీళ్ళు వస్తున్నాయో, ఆ మొదటి వానాకాలంలో లాగే తెలియలేదు. పన్నెండు రోజులు. మద్దికట్టె నిప్పు, ఉసిరిబొగ్గు, అడుగున కట్టిన రాజుడు పుల్లలు.

"మరి బొబ్బిలిలో నాకు వండేదెవరు?" అన్నాడు సర్వేశ్వరరావు.

"పూటకూళ్ళ ఇల్లుండదేటి అంత ఊళ్ళో? ఆ నాలుగు రోజులకే సిక్కిపోవు." తవిటమ్మ కోడలి వైపు మొహం తిప్పింది. "సోములి ఇయాల ఒత్తానంది కదా. రాగానే ముందు నా దగ్గరికి పంపు. దాంతో నాను మాట్లాడాల, నువ్వు మధ్యన రాకు. గొడుగు కూడా ఇక్కడే ఒగ్గేసి పోనాది, తడిసి సస్తాది. ఆ కాగు కింద మంటెయ్యి. ఇక్కడ కూర అయిపోయింది, ఇంకో గంటి ఏయి."

గంటె అనలేదు. గంటి అనే అంది.